‘ఎఱ్ఱ’ మంజిలు: తెలుగు విశేషణమును ప్రాచీన ఐరిషు విశేషణమును

హైదరాబాదు నగరమున అమీరుపేట కూడలినుండి దక్షిణముగా పోవు మెట్రో రైలుమార్గమున పంజాగుట్ట దాటిన వెంటనే ఎర్రమంజిలు అను తావు వచ్చును. 2018 సెప్టెంబరు 24న ఈ భాగమున బండ్లు నడువ నారంభించిన పిదప ఈ పేరు దినదినము వేలకొలది జనుల చెవుల బడుచున్నది. మా తరగతిలో ఒక పరిశోధక విద్యార్థి ఈ పేరును గూర్చి రెండు ప్రశ్నలు వేసెను. ఈ ‘ఎర్ర’ మన ఎఱ్ఱయేనా? అగుచో అది విశేషణమా, విశేషణముగా నిలిచిన నామమా? మొదటి ప్రశ్న చరిత్రకు సంబంధించినది; రెండవది వ్యాకరణమునకు సంబంధించినది. చూచుటకు చిన్నవిగా దోచు ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పవలెనన్న తెలుగున విశేషణమనగా నేమియో ముందుగా తేల్చుకొనవలసియున్నది. ఆ ప్రయత్నమే ఈ వ్యాసము.

ఈ పని కావశ్యకత కలదు. మన పాఠశాలలలోను కళాశాలలలోను విశేషణమును బోధించునపుడు రెండు పొరపాట్లు జరుగుచున్నవి. విశేష్యమునకు గల లింగవచనవిభక్తులే విశేషణమునకును ఉండునను సంస్కృతనియమమును తెలుగునకు యథాతథముగా వర్తింపజేయుట మొదటిది. తెలుగు విశేషణమునకు అట్టి రూపభేదము కనబడదు గావున తెలుగున విశేషణమే లేదనియు, ఉన్నవన్నియు నామములే యనియు చెప్పుట రెండవది. ఈ రెండు మాటలకును మూల మొక్కటే: రూపభేదమే విశేషణలక్షణమను భావము. ఈ భావము సరియైనదో కాదో పరీక్షించుటకు, రూపభేదము మిక్కుటముగా గల యొక భాషను తెలుగు ప్రక్కన నిలిపి చూచుట మేలు. అట్టి భాషగా ప్రాచీన ఐరిషును గ్రహించినాము.

ఈ ఎంపిక యాదృచ్ఛికము కాదు. క్రీస్తుశకము ఎనిమిది తొమ్మిది శతాబ్దులలో ఐరిషు సన్యాసులు లాటిను గ్రంథముల అంచులలోను పంక్తుల నడుమను తమ భాషలో వ్రాసికొన్న టిప్పణులు వుర్ట్స్‌బుర్గు, మిలాను, సెయింటు గాలు నగరముల గ్రంథములలో నిలిచియున్నవి. వాని ఆధారముగా యోహాన్ కాస్పర్ జాయిస్ అను జర్మను పండితుడు 1853లో కెల్టిక్ భాషల వ్యాకరణమును వెలువరించెను. మూడేండ్లకు, 1856లో, రాబర్టు కాల్డ్వెల్ ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణము వెలువడెను. కాల్డ్వెల్ స్కాట్లండు వంశీయుడైనను 1814లో జన్మించినది ఐర్లండులోని ఆంట్రిం మండలమున. ఒక దశాబ్దములోనే ఈ రెండు భాషాకుటుంబములకును శాస్త్రీయ వ్యాకరణము లేర్పడుట గమనింపదగినది. ప్రాచీన ఐరిషునకు నేటికిని ప్రామాణికముగా నున్న టుర్నైసెను వ్యాకరణము 1909లో జర్మనున, 1946లో ఇంగ్లీషున వెలువడినది.

ముందుగా తెలుగును చూతము. ‘పెద్ద యిల్లు, పెద్ద యిండ్లు, పెద్ద యింటిలో, పెద్ద యిండ్లకు’ అన్నపుడు విశేష్యము వచనమునందును విభక్తియందును మాఱుచున్నది. ‘పెద్ద’ మాత్రము మాఱుట లేదు. ‘పెద్ద కొడుకు, పెద్ద కూతురు, పెద్ద చెట్టు’ అన్నపుడు లింగభేదమును లేదు. అమీరుపేటలోని శిక్షణాలయముల గోడలపై ‘కొత్త బ్యాచులు’ అని వ్రాసియుండుట చూతుము. ‘బ్యాచి’ ఇంగ్లీషునుండి వచ్చినది. దానికి తెలుగు బహువచన ప్రత్యయము చేరినది. ‘కొత్త’ మాత్రము ఎప్పటివలెనే యున్నది. అన్యదేశ్యము ముందు నిలిచినను దేశ్యవిశేషణము తన స్వభావమును విడువదు.

విశేషణము విధేయస్థానమునకు పోయినపుడు ఈ స్థితి తలక్రిందగును. ‘ఇల్లు పెద్ద’ అని మనము వాక్యము ముగింపము. ‘ఇల్లు పెద్దది’ అందుము. ‘వాడు పెద్దవాడు, ఆమె పెద్దది, వారు పెద్దవారు, నేను పెద్దవాడను, మేము పెద్దవారము’ అను రూపములలో లింగవచనములే గాక పురుషయు కనబడుచున్నది. అనగా తెలుగున అన్వయము లేకపోలేదు. అది విశేష్యమునకు ముందున్న స్థానమున లేదు, వాక్యాంతమున నున్నది. చిన్నయసూరి తన బాలవ్యాకరణమున (1858) విశేషణమునకు ప్రత్యేక పరిచ్ఛేదము నేర్పరుపలేదు. అయినను మహత్తులను నిర్వచించుచోట వాని విశేషణములను గూడ చేర్చెను. ‘చక్కనివాడు’ వంటి రూపములను తలచినచో ఆ చేర్పు సార్థకమని తెలియును. ‘చక్కని’ అను రూపమునకు మాత్రము మహదమహద్భేదము లేదు. ఈ రెంటిని వేఱుచేసి చూపకపోవుటచేతనే బోధనలో మొదటి పొరపాటు దొరలుచున్నదని మా తలంపు.

ఇక ప్రాచీన ఐరిషు. అందు విశేషణము సామాన్యముగా విశేష్యమునకు తరువాత వచ్చును. లింగవచనవిభక్తులలో దాని ననుసరించును. మన ప్రశ్నకు తగినట్లు ఎఱుపు వర్ణమునే యుదాహరింతము. ఆ భాషలో పురుషుడు ‘ఫెర్’, ఎఱ్ఱనిది ‘దెర్గ్’. ప్రథమలో ‘ఫెర్ దెర్గ్’. ద్వితీయలో ‘ఫెర్ న్దెర్గ్’. షష్ఠిలో ‘ఫిర్ దెయిర్గ్’. ద్వితీయలో నామరూపము ప్రథమకంటె భిన్నముగా లేదు. భేదమంతయు విశేషణము మొదటి హల్లునందు చేరినది. ఇట్లే స్త్రీలింగ ప్రథమైకవచనము తరువాత విశేషణము మొదటి హల్లు శిథిలమగును. ‘ఫెర్ త్రేన్’ అనగా బలవంతుడు. ‘బెన్ థ్రేన్’ అనగా బలవంతురాలు. ‘త్రేన్’ మొదటి తకారము స్త్రీవాచకమగు ‘బెన్’ తరువాత ఊష్మధ్వని యైనది. నామము లింగమేమో, విభక్తియేమో దాని చివరను గాక తరువాతి పదము మొదటను వినబడుచున్నది.

ఈ హల్లుల మార్పు తెలుగు చదివినవారికి వింతగా నుండరాదు. మన ద్రుతమును తలచుకొందము. ‘ఊరన్ + తిరిగెను’ అన్నపుడు తకారము దకారమై ‘ఊరన్ దిరిగెను’ అగును. ‘మంజిలున్ + చూచితిమి’ అన్నపుడు చకారము జకారమై ‘మంజిలున్ జూచితిమి’ అగును. పదాంత నకారము తరువాతి పరుషమును సరళముగా మార్చుచున్నది. ప్రాచీన ఐరిషు ద్వితీయైకవచనమున జరిగినదియు ఇట్టిదే. అందు పూర్వమొక పదాంతానునాసిక ముండెడిది. అది లోపించినను తన ముద్రను తరువాతి పదముపై విడిచిపోయినది: కకారము గకారముగను, తకారము దకారముగను, పకారము బకారముగను ఉచ్చరింపబడెను, అచ్చులకును బ, ద, గలకును ముందు అనునాసికము నిలిచెను. ‘న్దెర్గ్’ అందలి నకార మట్టిదే. క, త, పల మార్పును ఆ కాలపు లేఖకులు సామాన్యముగా వ్రాతలో చూపలేదు. మన కవులు సరళాదేశమును వ్రాతలో చూపిరి. పరుషములు క్షీణించు గసడదవాదేశమును (‘వాడు + పోయె = వాడు వోయె’) ఐరిషు శైథిల్యముతో పోల్చవచ్చును. అయితే రెంటి కారణములు వేఱు: ఐరిషు శైథిల్యము పూర్వపదాంతమున నొకప్పుడుండిన అచ్చువలన వచ్చినది. పోలిక సంధిరీతి యందేగాని చుట్టఱికమునందు కాదు.

ఈ పోలికనుండి మనకు కలుగు లాభమేమి? ఐరిషున విశేషణము నామము వెనుక నుండుటచే నామాంతమందలి మార్పులు విశేషణము మొదటికి సంక్రమించినవి. తెలుగున విశేషణము ముందుండుటచే విభక్తి పదసముదాయము చివర ఒకేసారి చేరును: ‘పెద్ద యెఱ్ఱ యింటిని’ అన్నచో ‘ని’ మూడు పదములకును చాలును. రూపభేదము ఉండుటయు లేకుండుటయు చాలవఱకు స్థానమున కనుగుణములు. విశేషణత్వము వానికంటె లోతైనది. ప్రాచీన ఇంగ్లీషున విశేషణములకు లింగవచనవిభక్తులుండెడివి. నేటి ఇంగ్లీషున లేవు. అంతమాత్రమున నేటి ఇంగ్లీషున విశేషణములు లేవనువారు లేరు. తెలుగునకు మాత్రము ఆ మాట ఏల చెప్పవలెను?

ఐరిషునందును కొన్ని విశేషణములు నామమునకు ముందే నిలుచును. ‘సెన్’ (ముసలి, పాత), ‘దగ్’ (మంచి), ‘ద్రోఖ్’ (చెడ్డ) అనునవి నామముతో సమసించును. ‘సెన్ + అథిర్’ అనగా ముసలి తండ్రి. సమసించి ‘సెనథిర్’ అయి తాతకు పేరైనది. మన ‘పెద్ద + అయ్య = పెద్దయ్య’, ‘పెద్ద + అమ్మ = పెద్దమ్మ’ అనువానితో ఇది సరిగా తులతూగును. ముందు నిలిచిన ఆ మూటికి ఐరిషున విభక్తిరూపములు లేవు. అనగా విశేషణము ముందు వచ్చినచోట ఐరిషును తెలుగు దారినే నడచినది. తెలుగున ‘క్రొత్త + చెమట = క్రొంజెమట’, ‘క్రొత్త + కారు = క్రొక్కారు’, ‘లేత + దూడ = లేదూడ’ అను ప్రాతాదిసంధి రూపములలో విశేషణము కుదించుకొని ఉపసర్గ వంటిదగుట ఈ సందర్భమున స్మరింపదగును. ఆ, ఈ, ఏ అను త్రికమును అట్టిదే: ‘ఆ + కాలము = అక్కాలము’. ఐరిషున ‘ఆ పురుషుడు’ అనుటకు ‘ఇన్ ఫెర్ సిన్’ అందురు. నిర్దేశవాచకము నామము వెనుకనే యుండును.

తారతమ్యమును చూపుటలో రెండు భాషలును మిక్కిలి దూరమునం దున్నవి. తెలుగున ‘దానికంటె పెద్దది’, ‘అన్నిటిలో పెద్దది’ అని వాక్యముచే తెలుపుదుము. ‘పెద్ద’ అను పదము మాఱదు. ప్రాచీన ఐరిషున ‘సెన్’ (ముసలి), ‘సినియు’ (మిక్కిలి ముసలి), ‘సినెమ్’ (అందఱిలో ముసలి) అని పదమే మాఱును. ఇవి చాలక ‘అంతటి’ అను సమతను తెలుపు ప్రత్యయ మొకటి కలదు. ‘దియన్’ అనగా వేగముగలది. ‘దేయ్నిథిర్’ అనగా ‘దానియంత వేగముగలది’. ఈ సమతారూపము తరువాతి కాలమున ఐరిషునుండి తొలగిపోయినది. రూపములు పోవుచుండును, వచ్చుచుండును, విశేషణము నిలిచియుండును.

అయిన తెలుగున విశేషణమును నామమునుండి వేఱుచేయు గుర్తేది? ఇచటనే ‘ఎఱ్ఱ’ మనకు తోడ్పడును. ‘ఎఱుపు, నలుపు, తెలుపు’ అనునవి నామములు. ఎఱుపును, నలుపునకు, తెలుపులో అని వానికి విభక్తులు చేరును. ‘ఎఱ్ఱ, నల్ల, తెల్ల’ అనునవి వాని జోడుపదములు. ఎఱ్ఱను, నల్లకు, తెల్లలో అని ఎవ్వరును అనరు. ఇవి నామమునకు ముందు మాత్రమే నిలుచును. వాక్యాంతమున నిలువవలెనన్న ‘ఎఱ్ఱనిది, నల్లనిది’ అని మఱియొక రూపము దాల్చవలెను. ఒకే ధాతువునుండి ఒక నామమును ఒక విశేషణమును ఇట్లు జంటగా నేర్పరచుకొన్న భాషలో విశేషణము లేదనుట పొసగదు. ‘పెద్ద, మంచి, చిన్న’ అనునవి కొన్నిచోట్ల నామములుగను వాడబడును. ‘ఊరి పెద్దకు’ అనియు ‘మంచికి’ అనియు అందుము. ‘వచ్చిన క్రొత్తలో’ అనుటయు కలదు. ఇది పదమునకు గల రెండు వ్యాపారములను తెలుపునేగాని, విశేషణవర్గమే లేదని తెలుపదు. ఆ వర్గము చిన్నది, అంతియే. తక్కిన పనిని ‘అందమైన’ వంటి అగుధాతురూపములును, ‘వచ్చిన, వచ్చు, రాని’ వంటి ధాతుజవిశేషణములును నెఱవేర్చుచున్నవి.

రెండవ గుర్తు: నామము విశేషణస్థానమున నిలుచునపుడు పెక్కుచోట్ల తన రూపమును మార్చుకొనును. ‘ఇంటి తలుపు, ఊరి చెఱువు, చేతి కఱ్ఱ, కాలి బాట’ అనుచోట్ల ఇల్లు, ఊరు, చేయి, కాలు అనునవి ఔపవిభక్తికములై మాఱినవి. విశేషణము మాఱదు. అయితే ఔపవిభక్తికములు కాని నామములందు ఈ మార్పు కనబడదు. ‘అమీరుపేట’ అన్నపుడు అమీరు నామమే. ‘పంజాగుట్ట’ అన్నపుడు పారశీకమునుండి వచ్చిన పంజాయు నామమే. కాని వాని రూపమున నామత్వమును తెలుపు గుర్తేదియు లేదు. ‘ఎఱ్ఱగడ్డ, నల్లకుంట, పాతబస్తీ’ అనువానిలో పూర్వపదము శుద్ధవిశేషణము. చెవికి ఈ రెండు తెగలును ఒకే తీరున వినబడును. ఈ యభేదమే ఎర్రమంజిలు కథకు మూలము.

ఆ కథ యిది. ఖైరతాబాదు పంజాగుట్టల నడుమ నొక మిట్ట కలదు. దానికి తెలుగువారు ఎఱ్ఱగడ్డ యనెడివారు. దానిపై నవాబు ఫఖ్రుల్‌ముల్క్ 1870 ప్రాంతమున నొక రాజభవనము నిర్మించెను. మిట్ట పేరునకు ధ్వనిసామ్యము గలదని ‘ఇరం మంజిల్’ అని దానికి పేరిడెనని చెప్పుదురు. ఇరం అనునది అరబ్బు పురాకథలలోని పట్టణము పేరు. పారశీక ఉర్దూ వాఙ్మయములందు స్వర్గతుల్యమైన ఉద్యానమునకు పర్యాయము. పారశీకమున విశేషణము సామాన్యముగా నామము వెనుక వచ్చును. నాంపల్లిలోని ‘బాగెఆం’ అను పేరున ‘బాగ్’ (తోట) ముందును ‘ఆం’ (సార్వజనికము) వెనుకను ఉన్నవి. ‘ఇరం మంజిల్’ అట్లు గాక పూర్వపదము విశేషకముగా గల సమాసము. అనగా దాని పదక్రమము తెలుగు పదక్రమమే.

ఇపుడు జరిగినదానిని వ్యాకరణదృష్టితో చూతము. ‘ఇరం’ మకారాంతము, ‘మంజిల్’ మకారాది. రెండు మకారములు ఉచ్చారణమున కలసిపోయినపుడు పదముల నడిమి హద్దు కదలుటకు చోటు కలిగెను. ‘ఇరం / మంజిల్’ అనునది ‘ఎర్ర / మంజిల్’ అని విఱుగుటకు వీలయ్యెను. మొదటి అచ్చును రేఫద్విత్వమును మిట్ట పేరు సమకూర్చెను. పూర్వపదము విశేషణమో నామమో తెలుపు ప్రత్యయము తెలుగున లేదు గనుక, ఈ క్రొత్త విఱుపును అడ్డగించు వ్యాకరణనియమ మేదియు లేకపోయెను. ఐరిషున నైనచో ఇది యింత సులభముగా జరుగదు. ‘దెర్గ్’ సామాన్యముగా నామము వెనుకకు పోవలెను. మంజిలు లింగమును విభక్తిని అనుసరింపవలెను. హల్లు మాఱవలసినచోట మాఱవలెను. తెలుగు విశేషణము నిరాడంబరము గనుకనే పరభాషాపద మొకటి దాని వేషమున లోనికి ప్రవేశింపగలిగెను.

పూర్వలిపి సంప్రదాయము నిలిచియున్నచో వ్రాతయందైనను భేదము తెలిసియుండెడిది. తెలుగు ‘ఎఱ్ఱ’ శకటరేఫముతో వ్రాయవలసినది. ‘ఇరం’ అందలిది సాధురేఫము. శకటరేఫము వాడుకనుండి తొలగిన పిమ్మట ఆ యానవాలును పోయినది. కడప మండలమందలి ఎఱ్ఱగుడిపాడు రేనాటి చోళుల తొలి తెలుగు శాసనములలో నొకదానికి నెలవు. అట్టి పేళ్లను పరిశీలించువారు రేఫభేదమును విస్మరించినచో దేశ్యమేదో అన్యదేశ్యమేదో తెలియక చిక్కుపడుదురు.

ఇది పండితుల వినోదము మాత్రమే కాదు. 2019లో ఈ భవనమును తొలగించి ఆ స్థలమున శాసనసభాభవనమును నిర్మింపవలెనని రాష్ట్ర ప్రభుత్వము నిర్ణయించినపుడు వివాదము చెలరేగి, ఆ సంవత్సరము సెప్టెంబరు 16న తెలంగాణ ఉన్నత న్యాయస్థానము ఆ నిర్ణయమును కొట్టివేసెను. కట్టడములకు న్యాయస్థానము రక్షణ కలదు. పేళ్లకు అట్టి రక్షణ లేదు. ‘ఎర్ర’ తప్పనియు ‘ఇరం’ అని దిద్దవలెననియు ఒకరు, ‘ఇరం’ పరాయిదనియు ‘ఎఱ్ఱ’యే మూలమనియు మఱియొకరు వాదించినచో, ఇరువురును సగము సత్యమునే పలికినవారగుదురు. మిట్ట పేరు ఎఱ్ఱ; మేడ పేరు ఇరం; నేటి వాడుకపేరు ఈ రెంటి కలయిక. ఏ యొక్కదానిని తొలగించినను చరిత్రలో సగము పోవును.

కావున మా విద్యార్థి ప్రశ్నలకు మా సమాధానమిది. చరిత్రదృష్టితో భవననామమందలి పూర్వపదము అన్యదేశ్యనామము. నేటి తెలుగువాని భాషావ్యవస్థలో అది విశేషణము. ఏలయన అతడు దానిని ఎఱ్ఱగడ్డలోని ‘ఎఱ్ఱ’తో నొకటిగా గ్రహించుచున్నాడు. చారిత్రకదృష్టిని వర్ణనాత్మకదృష్టితో కలుపకుండుట పరిశోధకునకు ప్రథమకర్తవ్యము.

ఉపాధ్యాయులకు మా మనవి యొకటి. విశేషణమును బోధించునపుడు లింగవచనవిభక్తుల సూత్రముతో ఆరంభింపక, మూడు పరీక్షలతో ఆరంభింతురుగాక: పదమునకు విభక్తి చేరునా? నామమునకు ముందు నిలిచినపుడు రూపము మాఱునా? వాక్యాంతమునకు పోయినపుడు ‘వాడు, ది, వారు’ మొదలగునవి చేర్చుకొనునా? పిమ్మట విద్యార్థులను తమ తమ వాడల పేళ్లు సేకరించి తెండని పంపుదురుగాక. సోమాజిగూడ, బేగంపేట, ఎల్లారెడ్డిగూడ, ఎఱ్ఱగడ్డ యని వారు వ్రాసికొని వచ్చిన పట్టికలో ఏది నామమో ఏది విశేషణమో వారే విడదీయగలరు. సందేహము కలిగించు పేరు ఒకటి రెండైనను తప్పక తగులును. పరిశోధనకు మొదలు అచటనే.